షేరియాత్ అంటే షరియత్ కాదు

పదేళ్ల కిందటి మాట. పత్రిక ఆదివారం అనుబంధానికి మేం ఒక వ్యాసం రాసిచ్చాం. దక్కనీ కవిత్వాన్ని ఎట్లా చదవాలన్నది విషయం. శీర్షిక 'దక్కనీ షేరియాత్' అని పెట్టాం. సాయంత్రం పేజీ ప్రూఫు చేతికొస్తే పైన పెద్దక్షరాల్లో 'దక్కనీ షరియత్' అని ఉంది. దిద్దిన సబ్‌ ఎడిటర్ చెడ్డవాడేం కాదు. మా పక్క కుర్చీలో కూర్చునేవాడు, రంజాన్ నెలలో మాతోబాటు హలీం తిన్నవాడు. "స్పెల్లింగు తప్పు పడిందనుకుని సరిచేశా భాయ్" అన్నాడు. వ్యాసం చదివావా అంటే చదివానన్నాడు. లోపల వలీ ఉన్నాడు, వజ్హీ ఉన్నాడు, గజలుంది, మర్సియా ఉంది. నికా, తలాక్, వారసత్వం ఊసు ఒక్క వాక్యంలోనూ లేదు. అయినా రాసింది ముస్లిం గనక, విషయం అర్థం కాని ఉర్దూ మాట గనక, అది షరియతే అయి ఉంటుందని అతని చెయ్యి దానంతటదే రాసేసింది.

ఆ రాత్రి ఇద్దరం ఇరానీ హోటల్లో కూర్చుని నవ్వుకున్నాం. కానీ ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. మేం కవిత్వం గురించి మాట్లాడినా వినేవాళ్లకు మతం గురించే వినిపిస్తుందా? అట్లా వినిపించే చోట మా కవిత్వం ఎవరి చెవిలో కవిత్వంగా పడుతుంది?

నిజానికి అతని పొరపాటులో ఒక తమాషా ఉంది. అరబ్బీలో ఈ రెండు మాటలకూ అక్షరాలు అవే మూడు. షీన్, ఐన్, రే అనే వరసలో ఉంటే తెలియడం, ఎరగడం. షేర్, షాయర్, స్పృహ అనే అర్థమున్న షుఊర్, అన్నీ ఆ ధాతువు పిల్లలే. చివరి రెండక్షరాలూ తారుమారై షీన్, రే, ఐన్ అయితే దారి. నీళ్ల రేవుకు పోయే దారి అని పాత అర్థం చెప్తారు. షరియత్ అక్కణ్నుంచి వచ్చింది. గ్రీకుల భాషలో కవిత్వానికి వాడిన మాట 'చేయడం' నుంచి పుట్టింది. సంస్కృతం వాళ్లకు కవి అంటే ఇతరులకు కనపడనిది చూసినవాడు. అరబ్బుల లెక్కలో ఎరిగినవాడు. ఎవరి మాటలోంచి మొదలుపెడితే కవిత్వశాస్త్రం ఆ వైపుకు నడుస్తుంది. 'చేయడం' అన్నవాళ్లు నిర్మాణం వెతికారు, 'ఎరగడం' అన్నవాళ్లు మాటలో ఇమిడిన అర్థం వెతికారు.

తెలుగులో దీన్ని కావ్యశాస్త్రం, అలంకారశాస్త్రం, కవిత్వతత్త్వం అంటున్నాం. ఉర్దూలో ఇప్పటి విమర్శకులు షేరియాత్ అంటున్నారు. దీన్ని ఛందస్సుతో కలపగూడదు. బి.ఏ.లో మా తెలుగు మాస్టారు యమాతారాజభానసలగం బట్టీ పట్టించారు. ఇంట్లో అబ్బా ఫాయిలాతున్ మఫాయిలున్ అని వేళ్ల మీద లెక్కబెట్టించారు. అవి రెండూ కొలబద్దలు. షేరియాత్ అంటే ఆ కొలతల వెనక, కవికీ శ్రోతకూ మధ్య రాసుకోని ఒప్పందం. ఏది చెప్తే కవిత్వమవుతుంది, ఏది చెప్పకుండా వదిలేయాలి, ఎక్కడ వాహ్ అనాలి, ఎక్కడ కన్నీళ్లు రావాలి అన్నది ఆ ఒప్పందంలో ఉంటుంది. దాశరథి 'గాలిబ్ గీతాలు' 1961లో వచ్చినప్పటినుంచీ తెలుగువాళ్లకు గాలిబ్ మీద ప్రేమే. అయినా ఇప్పటికీ ఎవరో ఒకరు మమ్మల్ని అడుగుతుంటారు. 'ఒక్క గజల్లో ఈ షేరుకూ ఆ షేరుకూ సంబంధం ఉండదేం? వస్త్వైక్యం ఏది?' అని. గజల్ విని పెరిగినవాడికి ఈ ప్రశ్నే పుట్టదు. ఒక్కో షేరు ఒక్కో గది. కాఫియా, రదీఫ్ వాటన్నిటినీ కలిపే వరండా. ఇల్లు అట్లా కడతారని తెలిసినవాడు గదులు వేరువేరుగా ఉన్నాయేమని దెబ్బలాడడు.

ఈ ఒప్పందం తెలిస్తే కవిత్వం తెరుచుకుంటుంది. కానీ అదే ఒప్పందాన్ని బట్టలకొట్టు గజం చేసి పక్కింటివాడి కవిత్వం మీద పెట్టి కొలిచేస్తే ఏమవుతుంది? మాకు జరిగింది అదే.

1998లో 'జల్జలా' వచ్చినప్పుడు మేం డిగ్రీ చదువుతున్నాం. అంతకు ఏడేళ్ల ముందే ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. ఆ రెంటినీ మేం చేతులు మారి చేతులు మారి చిరిగిపోయిన కాపీల్లో చదివాం. ఒక జిల్లా కేంద్రంలో జరిగిన సభలో ఒక పెద్ద విమర్శకుడు ఆ కవిత్వం గురించి మాట్లాడుతూ 'ఆవేదన ఉంది, శిల్పం లేదు' అన్నారు. మరొకాయన 'ఇది వాంగ్మూలం, కవిత్వం కాదు' అన్నారు. వెనక వరసలో కూర్చున్న మాకు కోపమొచ్చింది గానీ జవాబు రాలేదు. వాళ్ల దగ్గర మాటలున్నాయి. వస్తువు, శిల్పం, ధ్వని, ఔచిత్యం. మా దగ్గర కోపం తప్ప మాటల్లేవు. ఇంట్లో ఉన్న మాటలు సభలో పనికొస్తాయని మాకు అప్పుడు తెలియదు.

ఇక్కడ ఒక పాత కథ చెప్పాలి. అరిస్టాటిల్ రాసిన కవిత్వశాస్త్రం పదో శతాబ్దంలో బాగ్దాదులో సిరియాక్ నుంచి అరబ్బీలోకి వచ్చింది. అబూ బిష్ర్ మత్తా చేసిన అనువాదం అది. దాని మీద పన్నెండో శతాబ్దంలో కార్డోబా నగరంలో ఇబ్నె రుష్ద్ వ్యాఖ్యానం రాశాడు. అరిస్టాటిల్ పుస్తకం నిండా నాటకం గురించి ఉంది. ఇబ్నె రుష్ద్ జన్మలో గ్రీకు నాటకం చూసినవాడు కాడు. ఆయన సాహిత్యంలో రంగస్థలమే లేదు. ట్రాజెడీ అన్న చోట మద్హ్ అనుకున్నాడు, అంటే స్తుతి. కామెడీ అన్న చోట హిజా అనుకున్నాడు, అంటే తిట్టుకవిత్వం. అరబ్బుల దగ్గర ఆ రెండూ పెద్ద ప్రక్రియలు. తన ఇంట్లో ఉన్న గిన్నెల్లో కనపడని వంటకాన్ని పోసి చూశాడన్నమాట. ఆ వ్యాఖ్యానాన్ని 1256లో టొలెడోలో హెర్మన్ అనే అతను లాటిన్లోకి మార్చాడు. మధ్యయుగాల యూరప్ చాలాకాలం అరిస్టాటిల్ కవిత్వశాస్త్రాన్ని ఎక్కువగా ఆ పొరపాటు గుండానే చదివింది.

ఈ కథ చెప్పి ఇబ్నె రుష్ద్ మీద నవ్వేవాళ్లున్నారు. మాకు నవ్వు రాదు. నాటకమంటే ఏమిటో చూడడానికి ఆయనకు వీలు లేదు. ఉన్న పుస్తకాన్ని, తెలిసిన కవిత్వాన్ని పక్కపక్కన పెట్టుకుని కొవ్వొత్తి వెలుగులో తంటాలు పడ్డాడు. మన తెలుగు విమర్శకుల ఇబ్బంది ఏమిటి? మర్సియా వాళ్ల వీధి చివరి ఆషుర్‌ఖానాలో వినిపిస్తుంది. పీర్ల పండుగనాడు అలావా చుట్టూ తెలుగు పాటలే పాడతారు, డప్పు కొట్టేవాళ్లూ పీరు ముందు దండం పెట్టేవాళ్లూ ఎక్కువమంది హిందువులే. చూడాలనుకుంటే నాలుగడుగులు వేస్తే చాలు.

'పుట్టుమచ్చ'నే తీసుకోండి. చరిత్రలో ఎవరో చేసిన పనుల గుర్తును పుట్టకముందే ఒక మనిషి ఒంటి మీద ముద్రించారన్న ఫిర్యాదు ఆ దీర్ఘకవితది. దీన్ని వాంగ్మూలం అన్నారు. అవును, వాంగ్మూలమే. ఉర్దూలో షికాయత్ ఒక కవిత్వ మార్గం. షహరే ఆషోబ్ అని ఒక ప్రక్రియ ఉంది. నగరం పాడైపోయినప్పుడు, బతుకులు తలకిందులైనప్పుడు కవి వీధిలో నిలబడి ఎవరెవరి బతుకు ఏమైందో ఒక్కొక్కటిగా ఏకరువు పెడతాడు. సౌదా రాశాడు, మీర్ రాశాడు, 1857 తర్వాత ఢిల్లీ కవులు రాశారు. అందులో వాదం ఉంటుంది, జాబితా ఉంటుంది, ఎత్తిపొడుపు ఉంటుంది, తనమీద తనకే జాలి ఉంటుంది. వర్ణన కోసం వెతికితే దొరకదు. ఖాదర్ మొహియుద్దీన్ షహరే ఆషోబ్ దగ్గర పెట్టుకుని రాశాడని మేం అనడం లేదు. ఆ చెవితో చదివితే ఆ కవిత నడక తెలుస్తుందంటున్నాం. ఏది లోపమని చెప్పారో అదే ఆ నడకలో పద్ధతిగా కనిపిస్తుంది.

ఇంకో ఆరోపణ. ఈ కవులు కవితలో తమ పేర్లు తామే తెచ్చుకుంటారు, ఎంతసేపూ నేను ముస్లింను, నా పేరు ఫలానా అంటారు, ఇది ఆత్మకథ గానీ కవిత్వమెట్లా అవుతుంది అని. గజల్ చివరి షేరులో షాయర్ తన తఖల్లుస్ పెట్టుకోవడం వందల ఏళ్ల మర్యాద. తెలుగుకూ ఇది కొత్తేం కాదు, వేమన మకుటం పలకని బడిపిల్లవాడు ఎవడు? కానీ మా కవుల పేరు విషయంలో ఒక తేడా ఉంది. దాన్ని మేం చాలాకాలం గమనించలేదు. తఖల్లుస్ కవి ఎంచుకున్న పేరు. అసలు పేరు అసదుల్లా ఖాన్, పెట్టుకున్నది గాలిబ్. అది ఒక రకం ముసుగు, ఆ ముసుగు చాటున తనని తాను ఎగతాళి చేసుకోవచ్చు, పొగుడుకోవచ్చు. 1990ల ముస్లిం కవి కవితలోకి తెచ్చుకున్న పేరు రేషన్ కార్డులో పేరు. ఇల్లు అద్దెకడిగితే యజమాని ముఖం మార్చే పేరు. బస్సులో పక్కవాడు అడిగి, విని, కాసేపు కిటికీలోంచి బయటికి చూసే పేరు. అది ఎంచుకున్నది కాదు. దాచుకుందామంటే దాగదు. మక్తాలో పేరు రాగానే శ్రోత మందహాసం చేస్తాడు. ఈ కవితలో పేరు రాగానే శ్రోత ఇబ్బందిగా కదులుతాడు. పాత పద్ధతిని కొత్త పనికి తిప్పడమంటే ఇదే. దీనికి శిల్పం అన్న మాట చెల్లకపోతే ఆ మాట దేనికి చెల్లుతుందో వాళ్లే చెప్పాలి.

గ్రామ్యం సంగతి మరీ విచిత్రం. అలంకారశాస్త్రం కావ్యదోషాల పట్టికలో గ్రామ్యం ఒకటి. చిన్నయసూరి వ్యాకరణం నాటికి అది ఇంకా గట్టిపడింది. తత్సమం, తద్భవం, దేశ్యం దాటి బయట పడ్డది గ్రామ్యం, కావ్యంలోకి రాగూడదు. గిడుగు, గురజాడ ఆ గోడ కూల్చారని పాఠాల్లో చదువుకున్నాం. గోడ కూలింది గానీ పునాది రాళ్లు అట్లాగే ఉన్నాయి. మా కవిత ఏదైనా పత్రికకు పంపితే ఎడిటర్లు మొదట అడిగేది కింద అర్థాలివ్వమనే. సంస్కృత సమాసాలు నాలుగు వరసగా పేర్చిన కవితకు కింద అర్థాలిచ్చిన పత్రిక మేం చూడలేదు. పాఠకుడికి అవీ తెలియవు. తెలియకపోయినా తనవే అనుకుంటాడు. మావి తెలిసినా పరాయివి.

అర్థమిస్తే పోయేదేముంది అంటారు. పోయేది ఉంది. 'గుస్ల్' అన్న మాటకు కింద 'స్నానం' అని రాస్తారు. నిఘంటువు ప్రకారం తప్పు లేదు. మా ఇళ్లల్లో ఆ మాట పలికితే శవానికి చివరిసారి పోసే నీళ్లు గుర్తొస్తాయి, నీళ్లలో వేసిన రేగాకు, కర్పూరం వాసన గుర్తొస్తాయి. ఒక కవితలో బతికున్నవాడు గుస్ల్ చేసి బయటికి బయల్దేరాడంటే చదివేవాడి గుండె ఒక్క క్షణం ఆగాలి. 'స్నానం చేసి బయల్దేరాడు' అంటే ఆఫీసుకు పోతున్నాడు. ఆనందవర్ధనుడు కాశ్మీరంలో తొమ్మిదో శతాబ్దంలో ధ్వని గురించి చెప్పింది దీని గురించే. మాట ఇచ్చే అర్థం ఒకటి, మాట మోగితే వచ్చే అర్థం ఇంకొకటి, కవిత్వం రెండోదాంట్లో ఉందని. అభిధను ఫుట్‌నోటులో పెట్టి వ్యంజనను చంపేసి, ఆపైన ధ్వని లేదని తీర్పు చెప్పడం ఏ శాస్త్రం?

ఇదంతా తెలుగువాళ్ల మీద ఫిర్యాదు అనుకుంటే పొరపాటు. మా ఉర్దూ ఇల్లు ఇంతకన్నా ఉదారమైందేం కాదు. మేం మాట్లాడేది దక్కనీ. నక్కో, హౌ, కైకు. బాత్‌కు బహువచనం బాతాఁ. ఈ భాషకు సొంత షేరియాత్ ఉంది. గోల్కొండ ఆస్థానంలో ముల్లా వజ్హీ 1609లో 'ఖుతుబ్ ముష్తరీ' రాస్తూ అసలు కథ మొదలెట్టకముందే మంచి కవిత్వమంటే ఏమిటో చెప్పుకున్నాడు. సరళత కావాలన్నాడు, మాటకు మాట అతకాలన్నాడు, చాలా చెప్పేకంటే కొంచెం బాగా చెప్పమన్నాడు. ఉత్తరాదిలో ఉర్దూ కవిత్వం ఇంకా కళ్లు తెరవకముందు దక్కనులో ఒకడు కూర్చుని ఈ లెక్కలు వేశాడు. ఆ తర్వాత వలీ దీవాన్ 1720 ప్రాంతంలో ఢిల్లీ చేరింది. అది చూసే ఢిల్లీ కవులు పారసీ వదిలి ఈ భాషలో రాయడం మొదలెట్టారు. కానీ వాళ్లు దాన్నెట్లా చెప్పుకున్నారు? ఢిల్లీలో ఒక సూఫీ పెద్ద, షా గుల్షన్, వలీకి పారసీ భావాలు వాడుకోమని సలహా ఇచ్చాడని, దాంతో వలీ కవి అయ్యాడని మీర్ తన తజ్కిరాలో రాశాడు. దక్కనువాడు గురువు కావడం మింగుడు పడక అతన్ని శిష్యుణ్ని చేసిన కథ ఇదని షంసుర్రహ్మాన్ ఫారూఖీ తర్వాత గట్టిగా వాదించాడు. తర్వాత లక్నోలో నాసిఖ్ వర్గం భాషాసంస్కరణ పేరుతో నాటు మాటలెన్నింటినో వెలివేసింది. మత్రూకాత్ అన్నారు, వదిలేసినవని. గ్రామ్యానికి ఉర్దూ పేరు అన్నమాట.

అందుకే దక్కనీ ఇప్పుడు ముషాయిరాల్లో నవ్వించడానికే మిగిలింది. గంభీరమైన గజల్ చదివేవాడు లక్నో ఉచ్చారణ తెచ్చిపెట్టుకుంటాడు, దక్కనీ పలికితే జనం ముందే నవ్వడానికి సిద్ధమైపోతారు. సులేమాన్ ఖతీబ్ అత్తాకోడళ్ల తగవు మీద రాసిన నజ్మ్ అట్లాగే విన్నాం చిన్నప్పుడు. నవ్వి నవ్వి చివరికొచ్చేసరికి ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకునేవాళ్లు. ఆ ఏడుపు సంగతి విమర్శకులెవరూ ఎందుకు రాయలేదో? హాస్యకవి అని ఒక అరలో పెట్టేశాక లోపల ఏముందో చూడక్కర్లేదు కాబోలు.

2002లో అహ్మదాబాదులో వలీ సమాధిని కూలగొట్టి, రాత్రికి రాత్రి దాని మీద తారు రోడ్డు వేశారు. గుజరాత్ మీద వియోగంతో కవిత్వం చెప్పినవాడతను. సమాధి మీద రోడ్డు వేసినవాళ్లకు అతను ముస్లిం. భాష శుద్ధి చేసినవాళ్లకు దక్కనీవాడు. ఇద్దరిలో ఎవరికీ కవి కనపడలేదు.

తెలుగు నేల మీద మా వాళ్లకు కావ్యశాస్త్రంతో చుట్టరికం లేదనుకునేవాళ్ల కోసం రెండు సంగతులు చెప్తాం. సంస్కృత అలంకారశాస్త్రంలో చివరి మహాగ్రంథంగా చెప్పే 'రసగంగాధరం' రాసిన జగన్నాథుడు కోనసీమ ముంగండకు చెందిన తెలుగు బ్రాహ్మడు. పండితరాజు బిరుదు ఇచ్చింది షాజహాను. ఆసఫ్ ఖాన్ మీద 'ఆసఫవిలాసం' రాశాడు. లవంగి అనే తురక పిల్లను ప్రేమించి వెలిపడ్డాడన్న కథ ఒకటి అతని చుట్టూ అల్లుకుంది. అది నిజమో కాదో, ఆ కథను అన్నేళ్లు ఎందుకు చెప్పుకున్నారో ఆలోచిస్తే అదొక పెద్ద వ్యాసమవుతుంది. రెండోది ఇంకా దగ్గరిది. గోల్కొండ చివరి సుల్తాను తానీషా గురువు షా రాజు. ఆయన కొడుకు అక్బర్ షా, జనం బడే సాహెబ్ అనేవాళ్లు. ఆయన పేరు మీద 'శృంగారమంజరి' అని నాయికానాయక భేదాల శాస్త్రగ్రంథం ఉంది. మొదట తెలుగులో తయారై తర్వాత సంస్కృతంలోకి వెళ్లిందని చెప్తారు. సంస్కృత పాఠాన్ని వి. రాఘవన్ పరిష్కరిస్తే 1951లో హైదరాబాదు పురావస్తుశాఖ అచ్చు వేసింది. ఒక సూఫీ ఇంటి మనిషి పేరు మీద తెలుగులో కావ్యశాస్త్రం! మా డిగ్రీ తెలుగు సిలబస్‌లో ఈ పేరు ఒక్క చోటా లేదు.

తత్సమం ఒక్కటీ పడకుండా అచ్చ తెలుగులో రాసిన తొలి కావ్యమని చెప్పే పొన్నగంటి తెలగనార్యుడి 'యయాతి చరిత్ర' కూడా అమీన్ ఖాన్‌కే అంకితం. తెలుగు శుద్ధి గురించి మాకు పాఠం చెప్పేవాళ్లు ఆ అంకితం పేజీ ఒకసారి తిరగేస్తే బాగుండు.

అయితే ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. మా మిత్రులు కొందరు ఇట్లాంటి పేర్ల జాబితా పట్టుకుని 'చూడండి, మేమూ సంస్కృతం రాశాం, మేమూ పద్యం చెప్పాం, ఉమర్ ఆలీషా లేడా' అని సభల్లో చదువుతుంటారు. మార్కుల కోసం చేయి చాచినట్టుంటుంది మాకు. ఉమర్ ఆలీషా పద్యం మాకూ ఇష్టమే. కానీ అక్బర్ షా గ్రంథం దర్బారు చదువు. నాయిక అలిగిందా, ఎదురు చూస్తోందా, నాయకుడి ఒంటి మీద ఇంకెవరి గోటి గుర్తు ఉంది, ఇవే దాని లెక్కలు. కాకతీయుల కాలంలో విద్యానాథుడి 'ప్రతాపరుద్రీయం' అయితే మరీ బాహాటం. లక్షణం చెప్పిన ప్రతిచోటా ఉదాహరణ పద్యం రాజును పొగిడేదే. అలంకారం నేర్చుకోవాలంటే రాజుకు సలాం కొట్టాలి. ఆ శాస్త్రాల్లో దూది ఏకేవాడు లేడు, మగ్గం మీద కూర్చున్నవాడు లేడు, బీడీలు చుట్టే మా ఖాలా లేదు. పేరు ముస్లింది అయినంత మాత్రాన ఆ గజం మాకు సరిపోదు.

ఆడవాళ్ల సంగతి తీసుకుంటే ఇది ఇంకా తేటపడుతుంది. గజల్లో నఖాబ్ ఒక పాత మజ్మూన్. బయట నిలబడ్డ ఆశిక్ ముసుగు ఎప్పుడు తొలుగుతుందా అని చూస్తుంటాడు. వేల షేర్లున్నాయి దాని మీద. బీజాపూరులో హాష్మీ, లక్నోలో రంగీన్ ఆడగొంతు పెట్టుకుని రాశారు, అది రేఖ్తీ అయింది, మగవాళ్ల సరదా అయింది. మహ్‌లఖా బాయి చందా హైదరాబాదులో సొంతంగా దీవాన్ కట్టినా మగకవులు వేసిన గజల్ మర్యాదలోపలే నడిచింది. షాజహానా 2005లో తన సంపుటికి 'నఖాబ్' అని పేరు పెట్టినప్పుడు ఆ మాట లోపలివైపు నుంచి పలికింది. లోపల ఊపిరాడనిదానికి, బయటివాళ్ల జాలి కూడా అక్కర్లేనిదానికి ముసుగు సౌందర్యం కాదు, రహస్యమూ కాదు. పాత మజ్మూన్ తిరగబడింది. ఉర్దూ వాళ్లు దీన్ని మజ్మూన్ ఆఫ్రీనీ అంటారు, అరిగిపోయిన భావంలోంచి కొత్తదాన్ని లాగడం. తెలుగు విమర్శ దీన్ని స్త్రీవాదం కింద, ముస్లింవాదం కింద రెండు అరల్లో చూసి ఊరుకుంది. కవిత్వంగా ఏం చేసిందో చెప్పడానికి ఆ మాట మాత్రం వాడుకోలేదు, తెలియదు గనక.

మా కవులకు కూడా ఒక మాట చెప్పకపోతే ఈ వ్యాసం ఒంటికాలి మీద నిలబడుతుంది. టోపీ, బుర్ఖా, అజాన్, బిర్యానీ అని నాలుగు మాటలు చల్లితే ముస్లిం కవిత్వమైపోతుందన్న భ్రమ మాలో వ్యాపించింది. కొట్టు ముందు బోర్డులాంటి మాటలవి. లోపల సరుకు లేకపోయినా బోర్డు వెలుగుతుంది. బాధ నిజమైనంత మాత్రాన ప్రతి కవితా మోగదు. మా సభల్లో ఈ మాట అనడానికి ఎవరికీ ధైర్యం చాలదు, అంటే బయటివాళ్ల చేతికి కర్ర ఇచ్చినట్టవుతుందని భయం. ఉస్తాద్‌లు శిష్యుల షేర్లు దిద్దే ఇస్లాహ్ పద్ధతి మా తాతల నాడు ఉండేది. ముఖం మీదే చెప్పేవాళ్లు, ఈ మాట బరువు తగ్గింది, ఈ రెండు పాదాలకూ పొత్తు లేదు అని. ఆ కటువుతనం మాకు ఇప్పుడు కావాలి.

ఇంకా పాత గాయం ఒకటుంది. 1857 తర్వాత ఓడిపోయినవాళ్లమన్న సిగ్గుతో మా కవిత్వాన్ని మేమే చిన్నచూపు చూసుకున్నాం. హాలీ 1893లో 'ముకద్దమా' రాశాడు. ఉర్దూలో తొలి పెద్ద విమర్శగ్రంథం. సాదగీ, అస్లియత్, జోష్ ఉండాలన్నాడు. నిరాడంబరత, వాస్తవికత, ఉద్వేగం. ఈ మూడూ మిల్టన్ చెప్పినవేనన్నాడు. మిల్టన్ చెప్పిన రెండోది ఇంద్రియాలకు తగలడం, హాలీ చేతికొచ్చేసరికి అది వాస్తవికత అయి కూర్చుంది. ఇబ్నె రుష్ద్ కథే మళ్లీ, కాకపోతే ఈసారి ఏలేవాడి పుస్తకం ముందు. తెలుగులో కట్టమంచి 1914లో 'కవిత్వతత్త్వ విచారము' రాసినప్పుడూ ఇంగ్లీషు దీపం వెలుతురే. హాలీ నిజాయితీ మీద మాకు అనుమానం లేదు. కానీ నూరేళ్లు పోయాక ఫారూఖీ మీర్ మీద నాలుగు సంపుటాలు రాసి మా పాత మాటలు మాకు తిరిగి అప్పజెప్పేదాకా వాటిని వాడుకోవడం నామోషీగానే ఉండింది.

మాటలు తెలిసినవాళ్లకే కళ తెలుస్తుందనీ అనలేం. షేక్ చిన మౌలానా నాదస్వరం విన్నవాళ్లను అడగండి. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డ ఆ సాయెబు త్యాగరాజ కృతి వాయిస్తుంటే కళ్లు మూసుకున్నవాళ్లు ఏ శాస్త్రం చదివారు? 1998లో సంగీత కళానిధి ఇచ్చిన సభ ఆయన్ను ఏ అరలో పెట్టిందో మాకు తెలియదు. శాస్త్రంలో సహృదయుడు అని ఒక మాట ఉంది, కవి గుండెతో సమానమైన గుండె ఉన్నవాడని. ఉర్దూలో సుఖన్‌ఫహమ్ అంటారు, మాట తెలిసినవాడు. సహృదయుడు మౌనంగా కూర్చుంటాడు. సుఖన్‌ఫహమ్ లేచి ముకర్రర్ అని అరుస్తాడు. నచ్చిన షేరును మళ్లీ చదివించుకుంటాడు, తప్పు పడితే గొంతు సవరించుకుంటాడు. తెలుగు కవిసమ్మేళనాల్లో నిశ్శబ్దం చూస్తే మాకు ఇప్పటికీ దిగులే. చప్పట్లు చివర్లో అందరికీ సమానంగా పడతాయి, ఎవరికి ఏ మాట తగిలిందో తెలియదు.

ఈ మధ్య ఒక సాయంత్రం ఆ పాత సబ్ ఎడిటర్ ఫోన్ చేశాడు. ఇప్పుడతను సాహిత్యపేజీ చూస్తున్నాడు. కొత్త కుర్రాడెవరో పంపిన కవితలో గుస్ల్ అన్న మాట ఉందట. "కింద అర్థం వేయనా భాయ్, వద్దా?" అన్నాడు. కవితంతా చదివి వినిపించమన్నాం. వినిపించాడు. చివరి మాట దగ్గర అతనే ఆగాడు. "వద్దులే" అని ఫోన్ పెట్టేశాడు. సోమవారం ఆ కవిత అర్థాలు లేకుండానే వచ్చింది. మధ్యాహ్నంలోగా ముగ్గురు పాఠకులు ఆఫీసుకు ఫోన్ చేసి ఆ మాటకు అర్థమడిగారట. ఇద్దరికి అతనే చెప్పాడు. మూడో ఆవిడ చాలాసేపు విని, "అయితే వాడు మళ్లీ ఇంటికి రాడన్నమాట" అందట.